హెరాల్డ్ వెనక చక్రం స్టడ్లు: మూడోది విరిగాక గానీ నాకు బుద్ధి రాలేదు

ఈ కేసులో మొదటి రెండు తప్పులూ నావే, అందుకే రాస్తున్నాను. ఓనరును అడిగే రాస్తున్నా గానీ ఆయన పేరు, ఊరు, బండి నంబరు వదిలేశాను. నా షెడ్డు చిత్తూరులో. ఎక్కువగా వచ్చేవి పాత బండ్లే: అంబాసిడర్లు, పద్మినీలు, అప్పుడప్పుడూ ఇలాంటిది ఒకటి.

బండి స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో అమ్మిన కారునే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది. 948 సీసీ ఇంజను, బానెట్టు మొత్తం ముందుకు వాలుతుంది, పదమూడు అంగుళాల చక్రాలు, చక్రానికి నాలుగు స్టడ్లు, అంటే చక్రం నడిమి దిమ్మకి (హబ్బుకి) దిగగొట్టి ఉండే మరల బోల్టులు, చక్రాన్ని పట్టే నట్లు వీటికే ఎక్కుతాయి. వెనక యాక్సిల్ అంబాసిడర్‌లాగా ఒకే గొట్టం కాదు. డిఫరెన్షియల్ చాసిస్‌కి బిగించి ఉంటుంది, దాన్నుంచి చెరోపక్క ఒక హాఫ్ షాఫ్టు వస్తుంది, చక్రం గుంటలో పడితే ఆ పక్క షాఫ్టు ఒక్కటే పైకీ కిందికీ ఊగుతుంది. షాఫ్టు చివర టేపరు, అంటే కోనులా సన్నబడే భాగం, దాని మీద తిరిగిపోకుండా కీ అనే చిన్న ఇనుప ముక్కతో హబ్బు, పైన పెద్ద నట్టు. ఈ ఏర్పాటు మన మెకానిక్కులకీ కొనేవాళ్లకీ పెద్దగా నచ్చలేదు, 1972లో వచ్చిన అదే కంపెనీ గెజెల్‌కి మామూలు యాక్సిలే పెట్టారు. ఆ టేపరు సంగతి గుర్తుంచుకోండి, తర్వాత దాని దగ్గరే రెండు రోజులు పోయాయి.

ఓనరు రిటైరైన లెక్కల మాస్టారు. బండి వాళ్ల నాన్నది. రంగు వేయించి, సీట్లు కుట్టించి, అందంగా ఉంటుందని సెకండ్‌హ్యాండ్ అల్లాయ్ వీల్స్ నాలుగు కొని బిగించారు. కాణిపాకంలో పూజ కూడా చేయించారు. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు బండి నిక్షేపంగానే ఉందట.

వచ్చిన సమస్య

పలమనేరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ దిగేటప్పుడు వెనక ఎడమవైపు టక్ టక్ మని శబ్దం. కిందికి వచ్చాక ఆపి చూసుకున్నారు. "ఏమబ్బా, నట్టు ఊడిపోయిందేమో అనుకుంటి, చూస్తే స్టడ్డే లేదు" అన్నారు ఫోన్లో. మిగతా మూడింటి మీద మెల్లగా నడుపుకుంటూ షెడ్డుకు వచ్చారు. అలా రావడమే పెద్ద రిస్కు, ఆ మాట ఆయనతో గట్టిగానే చెప్పాను.

విరిగిన ముక్క హబ్బులోనే ఉంది. విరిగినచోట ముప్పాతిక భాగం నున్నగా, నత్తగుల్ల మీద గీతల్లాగా వరసలు వరసలుగా ఉంది. మిగతా పావు భాగం మాత్రం గరుగ్గా, మెరుస్తూ ఉంది. అంటే ఒక్క దెబ్బకి విరిగింది కాదు. చాన్నాళ్లుగా చక్రం తిరిగినప్పుడల్లా ఇంత వంగుతూ, చీలిక ఇంతింత పెరుగుతూ వచ్చి, మిగిలిన పావు భాగం బరువు మోయలేక ఆరోజు తెగింది. ఇది నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా "ఎందుకు వంగుతోంది" అని అడక్కుండా "అరవై ఏళ్ల నాటి స్టడ్డు, విరగదా మరి" అనుకున్నాను. మొదటి తప్పు అది.

మొదటి రిపేరు, రెండో రిపేరు

చెన్నై పుదుపేటలో తెలిసినాయన దగ్గర అదే సైజు పాత స్టాకు స్టడ్డు దొరికింది: మూడు బై ఎనిమిది అంగుళం, అంగుళానికి 24 మరలు. డ్రమ్ము తీసి, షూలు విప్పితే ఫ్లాంజ్ (హబ్బు పళ్లెం) వెనక ఒకచోట స్టడ్డు దూరేంత సందు ఉంటుంది. అక్కణ్ణుంచి దూర్చి, వాషర్లు వేసి నట్టుతో లాగి కూర్చోబెట్టాను. గంటన్నర పని. పక్క స్టడ్డు తల మీద ఎవరో ఎప్పుడో పెట్టిన వెల్డింగు బొట్టు కనపడింది. వెల్డింగు ఎందుకు పెడతారు? స్టడ్డు రంధ్రంలో నిలవక తిరిగిపోతుంటే పెడతారు. చూశాను, వదిలేశాను.

మూడు వారాలకు ఆ వెల్డింగు స్టడ్డే విరిగింది, సరిగ్గా బొట్టు పక్కనే. ఇలాంటి గట్టి ఉక్కును వెల్డింగు వేడి తగిలించి అలా చల్లారనిస్తే ఆ పక్కన పెళుసుబారుతుంది. ఇందులో వింత ఏమీ లేదు.

ఈసారి కాస్త బుర్ర పెట్టాను గానీ సగమే పెట్టాను. నట్టు ఎన్ని చుట్లు ఎక్కుతోందో లెక్కపెడితే ఐదున్నర. ఒక్కో చుట్టుకు 1.06 మిల్లీమీటర్లు, అంటే ఆరు మిల్లీమీటర్లు కూడా పట్టు లేదు. కనీసం స్టడ్డు లావంత, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు పట్టాలి, చుట్లలో చెప్పాలంటే తొమ్మిది. అల్లాయ్ వీల్ స్టీలు వీల్ కంటే మందం, అందుకే స్టడ్డు చాలట్లేదు. "కారణం దొరికింది, పొడుగు స్టడ్లు చేయిస్తే సరి" అనుకున్నాను. దొరికిన కారణం నిజమైనదే, కానీ ఒక కారణం దొరికేసరికి వెతకడం ఆపేశాను.

లేత్ భాయ్ దగ్గరికి వెళ్లాను. బెంగళూరా మామిడికాయల సీజను, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి, ఆయన షాపు నిండా ట్రైలర్ల పనే. "ట్రైలరుకే చేస్తన్నా, దీనికి చేయలేనా అన్నా" అని ఈఎన్ 8 అనే రకం ఉక్కు కడ్డీ నుంచి నాలుగు స్టడ్లు, అదే లావు, ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగు తిప్పి ఇచ్చాడు. సందులో దూరకపోతే బ్యాకింగ్ ప్లేటు (డ్రమ్ము వెనక రేకు) అంచు కొంచెం వంచి దూర్చాను. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది.

పదకొండు రోజులు. గ్రీమ్స్‌పేటలో స్పీడ్ బ్రేకరు దాటుతుండగా ఒకటి తల కింద పటుక్కుమంది. అదృష్టం, సైకిలంత వేగంలో ఉన్నారు. జాకీ పెట్టి చూస్తే ఇంకో రెండు నట్లు చేత్తో తిరుగుతున్నాయి.

తప్పు భాయ్‌ది కాదు. నేను అడిగింది ఆయన చేశాడు. ఫ్యాక్టరీ స్టడ్డుకి మరలు కోయరు, రోలర్ల మధ్య నొక్కి పుట్టిస్తారు, అందుకే మర అడుగు భాగం బిగుసుకుని చీలికను ఆపుతుంది. తల కింద మూలను గుండ్రంగా వదులుతారు, పైగా వేడిచేసి, ఆర్చి గట్టిపరుస్తారు. లేత్ మీద కోసినదానికి మర అడుగు పదునుగా ఉంటుంది, తల కింద లంబకోణం మూల ఉంటుంది, ఉక్కుకి ట్రీట్‌మెంటు ఉండదు. గంటకు పది కిలోమీటర్లు పోయే ట్రైలరుకి నడుస్తుందేమో, కారు చక్రానికి నడవదు.

ఆగి కొలిచాను

బండి షెడ్డులోనే పెట్టమన్నాను. మాస్టారు ముఖం మాడ్చుకున్నారు, ఆ వారం ఆయన మనవరాలి చెవులు కుట్టే ఫంక్షన్ ఉంది. అయినా కదలనివ్వలేదు. ఆ రాత్రి టీ తాగుతూ అల్లాయ్ వీల్‌ని బోర్లించి వెనకవైపు టార్చి వేసి చూస్తే అసలు సంగతి బయటపడింది.

వీల్ రంధ్రాలు గుండ్రంగా లేవు. లోపలివైపుకు ఆకురాయితో అరగదీసి సాగదీసినట్టున్నాయి, పైన పెద్ద క్రోము వాషర్లు వేయడంతో బయటికి కనపడలేదు. నాలుగు స్టడ్ల చక్రానికి ఎదురెదురు స్టడ్ల మధ్యల నుంచి కొలిస్తే పీసీడీ, అంటే స్టడ్లు కూర్చున్న వృత్తం వ్యాసం, వస్తుంది. వెర్నియర్ పెట్టాను: హబ్బు మీద 95.25 మిల్లీమీటర్లు, హెరాల్డ్‌కి ఉండాల్సిందే. వీల్ మీద, అరగదీయకముందున్న రంధ్రాల ప్రకారం కొలిస్తే 100. అంటే ఒక్కో స్టడ్డు దగ్గర 2.4 మిల్లీమీటర్ల తేడా. అమ్మినవాళ్లు "కొంచెం అడ్జస్ట్ చేశాం" అన్నారట, ఆ కొంచెం ఇదీ.

స్టడ్డు చేసే పని గురించి చాలామందికి, నాకు కూడా ఒకప్పుడు, తప్పు ఊహ ఉంటుంది. బండి బరువంతా స్టడ్ల మీద అడ్డంగా వేలాడుతుందనుకుంటాం. కాదు. స్టడ్డు రబ్బరు బ్యాండులాగా కొద్దిగా సాగి, వీల్‌ని డ్రమ్ముకేసి అదిమిపెడుతుంది. ఆ రెండు ముఖాల మధ్య రాపిడే బరువును, బ్రేకును, ఇంజను లాగుడును మోస్తుంది. ఆ అదుము ఉన్నంతకాలం స్టడ్డు వంగదు. నట్టు కోను (సన్నబడే మూతి) కూర్చునే వీల్ గుంట సగం అరిగిపోతే నట్టు ఒక అంచు మీదే ఆనుతుంది, అదుము నిలవదు, వీల్ జరుగుతుంది, ఒక్కో చుట్టుకు స్టడ్డు ఒక్కో వంపు. కిలోమీటరుకి దాదాపు ఐదారువందల వంపులు. నేను ఎంత మంచి స్టడ్డు పెట్టినా అది విరిగే తీరాలి.

ముందు చక్రాలు కూడా విప్పి చూశాను. అక్కడ కూడా రెండు స్టడ్లు వంగి ఉన్నాయి, ఇంకా విరగలేదంతే. వెనకవి ముందు ఎందుకు పోయాయంటే లాగుడు వెనక చక్రాలదే, డిక్కీలో సామాను బరువు కూడా వాటి మీదే, పైగా ఎడమ హబ్బు రంధ్రాలు ముందే వదులు.

ఏ దారి

మాస్టారికి అల్లాయ్స్ వదులుకోవడం ఇష్టం లేదు. "డబ్బు పోసి కొన్నా కదబ్బా." న్యాయమే. అందుకే మూడు దారులూ కూర్చుని మాట్లాడుకున్నాం.

ఒకటి, 95.25 నుంచి 100కి మార్చే అడాప్టర్ ప్లేటు. ఇరవై మిల్లీమీటర్ల మందం, చక్రం అంతే బయటికి జరుగుతుంది. వద్దన్నాను. ఈ కార్లకు వెనక హాఫ్ షాఫ్టు హబ్బు టేపరు దగ్గర, కీ గాడి పక్కన చీలడం పాత జబ్బు. అక్కడ షాఫ్టు తెగితే చక్రం హబ్బుతో సహా బయటికి పోతుంది. ఆ చోటి మీద ఇంకా వంపు బరువు పెట్టడం తెలిసి చేసే పని కాదు.

రెండు, హబ్బులకీ డ్రమ్ములకీ పాత రంధ్రాల నడుమ 100 పీసీడీలో కొత్త రంధ్రాలు. చేయొచ్చు. కానీ చేశాక హెరాల్డ్ డ్రమ్ము, హెరాల్డ్ వీల్ ఏదీ ఈ బండికి మళ్లీ సరిపోదు, ఒకసారి వేసిన రంధ్రాన్ని వెనక్కి తీసుకోలేం. ఎవరిదో తాతల నాటి బండి మీద అలాంటి పని చేసేటప్పుడు నాకు చెయ్యి ఆడదు.

మూడు, అసలు స్టీలు వీల్స్. అవి ఎక్కడున్నాయని అడిగితే ఊళ్లో గొడ్ల చావిడి అటక మీద ఐదూ ఉన్నాయన్నారు! తుప్పు పట్టాయి గానీ తిప్పి చూస్తే నాలుగు నేరుగా ఉన్నాయి, ఒకదానికి రిమ్ము వంకర. తుప్పు రుద్దించి, ఆ వంకరదాన్ని సరిచేయించి స్టెప్నీగా పెట్టాం. నిజం చెప్పాలంటే ఆ బండికి అవే అందం.

మరి లావు స్టడ్డు ఎందుకు

స్టీలు వీల్స్ వేశాక పాత సైజే చాలు కదా అని మీకు అనిపించొచ్చు. బలం కోసమైతే నిజంగా చాలు. కానీ ఎడమ హబ్బు రంధ్రాలు పాడైపోయాయి. రంధ్రంలో పట్టుకునే స్టడ్డు పళ్లు తిరిగి తిరిగి, నేను కూడా నా వంతు చేసి, రెండు రంధ్రాలు అండాకారంగా అయ్యాయి. పాత సైజు స్టడ్డు వాటిలో నిలవదు. ఈ హబ్బు కొత్తది దొరకడం కష్టం. కాబట్టి రంధ్రాన్ని కొంచెం పెద్దదిగా, గుండ్రంగా రీమ్ చేసి లావు స్టడ్డు వేయాలి. బలం పెరగడం అదనపు లాభం: మూడు బై ఎనిమిది స్టడ్డుకి లాగుడు మోసే విస్తీర్ణం 56.6 చదరపు మిల్లీమీటర్లు, ఎం12 (పన్నెండు మిల్లీమీటర్ల లావు), 1.5 పిచ్ (మర నుంచి మరకు ఒకటిన్నర మిల్లీమీటర్లు) స్టడ్డుకి 88. ఒకటిన్నర రెట్లు దాటింది.

ఎం12 కాక ఏడు బై పదహారు అంగుళం కూడా ఒక దారి, పాత బండ్ల పద్ధతికి అదే దగ్గర. కానీ రాత్రిపూట బంగారుపాళ్యం దగ్గర నట్టు పోతే ఎవరి దగ్గర దొరుకుతుంది? ఎం12, 1.5 అయితే హోండా చిన్న కార్లది, ఏ స్పేర్ల షాపులోనైనా ఉంటుంది. మారుతీది కూడా ఎం12యే గానీ పిచ్ 1.25. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మొదటి రెండు చుట్లు ఎక్కుతాయి కూడా, బలవంతం చేస్తే మర పోతుంది. మాస్టారి డిక్కీ మూత లోపల పెయింటుతో "1.5" అని రాయించాను.

హబ్బు తీయడం

ఈసారి సందుల్లో దూర్చడాలు లేవు, హబ్బు బయటికి రావాల్సిందే. రంధ్రం చేత్తో డ్రిల్ చేస్తే నిటారుగా రాదు, వంకర స్టడ్డు అంటే మళ్లీ మొదటి కథే. బండి కిందే మూడు కాళ్ల పుల్లరు వేసి లాగితే ఫ్లాంజ్ వంగుతుంది. కాబట్టి డిఫరెన్షియల్ దగ్గరి నాలుగు బోల్టులు, షాక్ అబ్జార్బరు, రేడియస్ ఆర్మ్, స్ప్రింగు చివరి బోల్టు, బ్రేకు పైపు విప్పి షాఫ్టు మొత్తాన్ని బల్ల మీదికి తెచ్చాను.

ఆ టేపరు పట్టు మాటల్లో చెప్పలేం. ఫ్లాంజ్ వెనక మందపాటి అర్ధచంద్రాకారం ముక్కలు రెండు, ముందు మందపాటి ప్లేటు, మధ్యలో పెద్ద బోల్టు, ఇలా ఒక పుల్లరు భాయ్‌తోనే చేయించాను. బిగించాం, హబ్బు చుట్టూ వేడి పెట్టాం, ప్లేటు మీద సుత్తితో కొట్టాం. కదల్లేదు. షాఫ్టు చివర సుత్తితో కొట్టమని కుర్రాడు అడిగాడు, కొడితే మర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, వద్దన్నాను. బిగువు అలాగే ఉంచి ఇంటికి పోయాం. మర్నాడు పొద్దున ఇంకో పావు చుట్టు తిప్పామో లేదో తుపాకీ పేలినట్టు శబ్దం చేసి వదిలింది. షాఫ్టు నట్టును నాలుగు మరల మీద వదిలి ఉంచాం కాబట్టి హబ్బు ఎగిరి ఎవరికీ తగల్లేదు. అది మర్చిపోవద్దు.

వేడి తగిలింది కాబట్టి బేరింగులు, సీలు ఎటూ మార్చాల్సిందే. టేపరు, కీ గాడి శుభ్రం చేసి డై పెనిట్రెంట్ (చీలికల్లో దిగి వాటిని చూపించే రంగు మందు) కొట్టి చూశాను. చీలిక లేదు. ఉండుంటే ఈ కేసు ఇక్కడే ఆగేది. కుడివైపూ ఇదే వరస, అది రెండు గంటల్లోనే వచ్చేసింది, ఎందుకో తెలీదు.

రంధ్రాలు మిల్లింగ్ మెషిన్ మీద వేయించాను, హబ్బు మధ్య బోరుకి డయల్ పెట్టి సెంటరు చేసి. స్టడ్డు పళ్ల లావు కంటే రంధ్రం 0.2 మిల్లీమీటర్లు తక్కువ. ముందు ఒక తుక్కు ప్లేటులో ఒకటి నొక్కి చూసి, పట్టు చాలనిపించాకే హబ్బు జోలికి పోయాం. స్టడ్లు 10.9 గ్రేడు (గట్టి ఉక్కు) ఫ్యాక్టరీవి, ప్రెస్సు కింద నొక్కించాను. స్టడ్డు తల వెనక బ్యాకింగ్ ప్లేటుకి తగులుతుందేమోనని ఇంట్లోంచి చపాతీ పిండి ముద్ద తెచ్చి తలల మీద అంటించి, తాత్కాలికంగా బిగించి తిప్పాం. పిండి మందం మూడు మిల్లీమీటర్లు మిగిలింది, చాలు. నేను వంచిన ప్లేటు అంచు కూడా అప్పుడే నేరుగా కొట్టాను.

డ్రమ్ము రంధ్రాలు, స్టీలు వీల్ రంధ్రాలు పన్నెండున్నరకు పెంచాల్సి వచ్చింది. వీల్ రంధ్రం పెంచితే నట్టు కోను ఆనే గుంట తగ్గుతుంది కదా, అందుకని నట్టు కోనుకి నీలం రంగు రాసి బిగించి విప్పి చూశాను. గుంట చుట్టూతా నీలం ఉంగరంలా అంటింది. డ్రమ్ము ముఖం మీద కొత్త రంగు మందంగా ఉంటే గీకించాను. బిగించాక ఆ రంగు నలిగి పలచబడితే ఆ మేరకు బిగువు పోతుంది.

ఎంత బిగించాలి

పాత స్టడ్డుకి టార్క్ 55 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. పొడి మరల మీద అది ఒక్కో స్టడ్డుకి దాదాపు 29 కిలోన్యూటన్ల అదుము ఇస్తుంది, సుమారు మూడు టన్నులు. లావు స్టడ్డుకి అదే 55 పెడితే అదుము 23కి పడిపోతుంది! లావు పెరిగేకొద్దీ అదే అదుముకి ఎక్కువ టార్క్ కావాలి. కొత్త కార్లలో ఎం12కి 100 దాకా పెడతారు, కానీ ఈ వీల్ రేకు, ఈ ఫ్లాంజ్ అంత కోసం చేసినవి కావు. 80 పెట్టాను, 33 కిలోన్యూటన్లు వస్తుంది, పాతదానికంటే కాస్త ఎక్కువ. మరలకు నూనె వద్దు, నూనె రాస్తే అదే 80కి అదుము చాలా ఎక్కువైపోతుంది. ఎదురెదురుగా, మూడు దఫాల్లో.

యాభై కిలోమీటర్లకు తిరిగి చూస్తే రెండు నట్లు కొద్దిగా కదిలాయి. రెండొందల దగ్గర ఏదీ కదల్లేదు.

మర్చిపోయింది

స్టెప్నీ. వెనక రెండు వీల్సే డ్రిల్ చేయించాను, ముందు హబ్బులు తర్వాత చేద్దామని అప్పటికి కేవలం పాత సైజు స్టడ్లు మార్చి వదిలాను. నెల తిరక్కుండా పలమనేరు దాటాక వెనక కుడి టైరు పంక్చరు. స్టెప్నీ ఎక్కదు, ముందుది తీసి వెనక వేద్దామన్నా ఎక్కదు. మాస్టారు ఫోన్ చేసి ఏమీ అనలేదు, "నీ లెక్కలో ఐదో చక్రం లేదా అబ్బా" అన్నారంతే. నేను బస్సెక్కి పోయి, పంక్చరు షాపులో టైరు అతికించి వేసి వచ్చాను. ఆ వారమే ముందు హబ్బులకీ ఎం12 వేశాను. అవి బేరింగు నట్టు విప్పితే చేతిలోకి వస్తాయి, ఒక పూట పని. ఐదు వీల్సూ డ్రిల్ చేయించాను.

ఇప్పుడు నా దగ్గరికి స్టడ్డు విరిగిందని ఏ బండి వచ్చినా ముందు వీల్ బోర్లిస్తాను, పీసీడీ కొలుస్తాను, నట్టు చుట్లు లెక్కపెడతాను, కోను నీలం చూస్తాను. అరగంట పని. ఈ అరగంట మొదటిరోజే పెట్టి ఉంటే మాస్టారికి రెండు రిపేర్ల ఖర్చు, గ్రీమ్స్‌పేట గండం తప్పేవి. ఆ రెండు రిపేర్లకు డబ్బు వెనక్కి ఇచ్చాను, ఆయన ఒకదానికే తీసుకున్నారు.

హెరాల్డ్ మొన్న ఆయిలు మార్చడానికి వచ్చింది. ఏడాదిన్నర అయింది, నాలుగు వేల కిలోమీటర్లు దాటింది. పదహారు నట్లకూ టార్క్ రెంచ్ వేస్తే ఒక్కటీ కదలకుండా 80 దగ్గరే టిక్కుమంది. అల్లాయ్స్ అమ్మొద్దని నేనే చెప్పాను, ఇంకొకరి బండికి అడ్జస్ట్ అవుతాయని. నాలుగూ తుక్కు తూకానికి పోయాయి.